మార్పులు చేసిన పాత వాల్వు రేడియోను అసలు స్థితికి తేవడం ఎలా?

వాల్వు రేడియోల మరమ్మతు గురించి మాట వచ్చినప్పుడల్లా పాఠకులు అడిగే ప్రశ్న ఒకటుంది: “నా సెట్టును ఎవరో ఎప్పుడో మార్చేశారు. సర్క్యూట్ బొమ్మలో ఉన్నదానికీ లోపల కనిపించేదానికీ పొంతన లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?”

ఎవరి చేయీ పడని సెట్టుకు పనికొచ్చే పద్ధతి ఇక్కడ చాలదు. మార్పు చేసిన సెట్టులో దాదాపు ప్రతి మార్పు వెనకా చెడిపోయిన భాగం ఒకటి ఉంటుంది. ఆ భాగమేదో కనిపెట్టకుండా మార్పును తీసేస్తే పాత జబ్బు తిరగబెడుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో సోల్డరింగ్ కంటే ముందు చేయవలసిన పరిశీలనకే ఎక్కువ చోటు ఇచ్చాను.

## 1. సెట్టు ఏ జాతిదో తేల్చుకోండి

ప్రాణానికి సంబంధించిన ప్రశ్న ఇది: ఛాసిస్‌కు (భాగాలన్నీ బిగించి ఉండే లోహపు చట్రానికి) ఇంటి కరెంటుతో నేరుగా సంబంధం ఉందా, లేదా?

ప్లగ్గు గోడ నుంచి తీసి, సెట్టు స్విచ్ ‘ఆన్’లో ఉంచండి. మీటరును ఓములకు పెట్టి ప్లగ్గు కాళ్లలో ఒక్కొక్కదానికీ ఛాసిస్‌కూ మధ్య కొలవండి. ఏదో ఒక కాలి దగ్గర సున్నా గానీ కొద్ది ఓములు గానీ చూపిస్తే అది కరెంటు ఛాసిస్. కొన్ని సెట్లలో మధ్యలో ఒక కండెన్సరు, దానికి పక్కనే ఒక పెద్ద రెసిస్టెన్సు ఉంటాయి. అప్పుడు మీటరు లక్షల ఓములు చూపుతుంది. దాన్ని కూడా కరెంటు ఛాసిస్‌గానే చూడాలి.

లోపల ట్రాన్స్‌ఫార్మర్ కనిపించినంత మాత్రాన ధైర్యపడవద్దు. కొన్ని యూరోపియన్ సెట్లలో ఉండేది ఆటో ట్రాన్స్‌ఫార్మర్. అది వోల్టేజీని మారుస్తుందే తప్ప కరెంటును ఛాసిస్ నుంచి విడదీయదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. వోల్టేజీ పెంచీ తగ్గించే వేరియాక్ కూడా ఆటో ట్రాన్స్‌ఫార్మరే, దానివల్ల షాక్ నుంచి రక్షణ ఏమీ రాదు.

ఇంకొక సంగతి. కరెంటు ఛాసిస్ సెట్లలో స్విచ్ చాలాసార్లు ఛాసిస్ వైపు తీగలోనే ఉంటుంది. స్విచ్ ఆపినా, రెండో తీగ నుంచి హీటర్ల (వాల్వులను లోపల వేడిచేసే తీగల) వరస గుండా ఛాసిస్‌కు కరెంటు చేరవచ్చు. చేయి పెట్టే ముందు ప్లగ్గు పీకాలి. స్విచ్ ఆపడం సరిపోదు.

ఈ జాతి సెట్టును ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (విడి చుట్లతో సెట్టును ఇంటి కరెంటు నుంచి వేరుచేసేది) లేకుండా బల్ల మీద నడపవద్దు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ దొరికేదాకా పని ఆపుకోవడమే మంచిది.

## 2. బల్ల మీద ఉండవలసినవి

- డిజిటల్ మల్టీమీటర్, 1000 వోల్టుల తీగలతో
- ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్
- సీరీస్ బల్బు: సెట్టుకు వెళ్లే కరెంటు దారిలో వరసగా కలిపే 60 లేదా 100 వాట్ల ఫిలమెంటు బల్బు. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి పనికిరాదు
- కండెన్సర్లు ఖాళీ చేయడానికి 10 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టెన్సు. ఒక కొసకు క్లిప్పు, రెండో కొసకు ఇన్సులేషన్ ఉన్న పిడి
- సోల్డరింగ్ ఐరన్, పాత లెడ్డును పీల్చే పంపు
- సిగ్నల్ జనరేటర్
- అలైన్‌మెంటుకు (ట్యూనింగ్ సరిచేయడానికి) ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్లు
- కాంటాక్ట్ క్లీనర్, మెత్తని కుంచె
- సెట్టు మోడల్ సర్క్యూట్ బొమ్మ. మోడల్ దొరక్కపోతే అవే వాల్వులు వాడిన సమీప మోడల్ బొమ్మ
- నోటు పుస్తకం, కెమెరా

హెచ్.టి. (వాల్వులకు అందే ఎక్కువ వోల్టేజీ డీసీ) కండెన్సర్లలో ప్లగ్గు తీసిన తరువాత కూడా 250 నుంచి 400 వోల్టుల దాకా నిలిచి ఉండవచ్చు. పైన చెప్పిన రెసిస్టెన్సును ఐదు సెకన్లు ఆనించి, తరువాత మీటరుతో కొలిచి చూడండి. స్క్రూడ్రైవరుతో షార్టు చేసే పాత అలవాటు కండెన్సరునూ పాడుచేస్తుంది, కంటికీ ప్రమాదమే. కరెంటు ఉన్నప్పుడు కొలవాల్సి వస్తే మీటరు నల్ల తీగను క్లిప్పుతో బిగించి, ఒక చేతితోనే కొలవండి, రెండో చేయి వెనక్కి పెట్టుకోండి.

## 3. మార్పులను చదవండి

ఈ దశకు ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించండి. ఐరన్ వేడి చేయవద్దు.

ఛాసిస్‌ను బయటికి తీసి పైనుంచీ కిందినుంచీ ఫొటోలు తీయండి. ప్రతి వాల్వు సాకెట్‌కూ ఒక దగ్గరి ఫొటో ఉండాలి. తరువాత బొమ్మ పక్కన పెట్టుకుని ఒక్కొక్క తీగా పోల్చుకుంటూ వెళ్లండి. తేడా కనిపించిన ప్రతిచోటా నోటులో రాసుకోండి.

మార్పును పట్టించే గుర్తులు ఇవి:

- లెడ్డు మెరుపులో తేడా. తొలి సోల్డరింగ్ మసకబారి ఉంటుంది, తరువాతిది మెరుస్తూనో గడ్డకట్టినట్టో కనిపిస్తుంది
- ప్లాస్టిక్ తొడుగు తీగలు, మిగతావన్నీ గుడ్డ లేదా రబ్బరు తొడుగువి
- ఛాసిస్ మీద తుప్పు పట్టని అంచులున్న చిల్లులు
- ఏ తీగా లేని సాకెట్, ఖాళీ ట్యాగ్ స్ట్రిప్
- వాల్వు పేరుకూ, ఛాసిస్ మీద అచ్చువేసిన పేరుకూ తేడా

ఇప్పుడు అసలు పని. ప్రతి మార్పుకూ ఎదురుగా “ఇది ఎందుకు చేసి ఉంటారు?” అని రాయండి. నాకు ఎక్కువగా ఎదురైనవి చెబుతాను.

రెక్టిఫయర్ వాల్వు (ఏసీని డీసీగా మార్చేది) స్థానంలో సిలికాన్ డయోడ్లు. వాల్వు దొరక్క పెట్టి ఉండవచ్చు. లేదా ట్రాన్స్‌ఫార్మరులో ఆ వాల్వు హీటరుకు ఉన్న 5 వోల్టుల చుట్టు (వైండింగ్) తెగిపోయి ఉండవచ్చు. వాల్వు కొనే ముందు ఆ చుట్టును కొలవండి. ఒకసారి నేను డయోడ్లు తీసేసి, సాకెట్ శుభ్రం చేసి, కొత్త 5వై3 తెచ్చి పెట్టాను. అది వెలగలేదు. 5 వోల్టుల చుట్టు ఎప్పుడో కాలిపోయింది. ఆ డయోడ్లు ఎందుకున్నాయని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే నాకు ఆ శ్రమ తప్పేది.

ఫీల్డ్ కాయిల్ స్పీకరు (శాశ్వత అయస్కాంతం బదులు హెచ్.టి. కరెంటు పారే కాయిలు ఉన్నది) పోయి, అయస్కాంతం స్పీకరు వచ్చింది. ఫీల్డ్ కాయిలు తెగి ఉంటుంది, లేదా కోను చిరిగి ఉంటుంది. దాని స్థానంలో రెసిస్టెన్సు పెట్టారా, చోక్ (మోతను అణచే కాయిలు) పెట్టారా, ఊరికే తీగ కలిపేశారా చూడండి. ఊరికే కలిపేస్తే హెచ్.టి. ఉండవలసినదానికంటే వంద వోల్టుల దాకా పెరిగిపోతుంది.

ఔట్‌పుట్ వాల్వు (స్పీకరును నడిపేది) మారింది. 6వి6 సాకెట్‌లో 6ఎల్6 కనిపించడం మామూలే. కాళ్ల అమరిక కుదురుతుంది కాబట్టి పెట్టేస్తారు. కానీ 6వి6 హీటరుకు 0.45 ఆంపియరు చాలు, 6ఎల్6 హీటరుకు 0.9 కావాలి. అలాగే 5వై3 హీటరు 2 ఆంపియర్లు తీసుకుంటే 5యు4 హీటరు 3 తీసుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతోందంటే ముందు ఇక్కడ చూడండి.

వాల్వు ఆడియో భాగం తీసేసి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయరు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ తెగిపోయిందనడానికి ఇది గట్టి సూచన. ప్రైమరీని (వాల్వు వైపు చుట్టును) కొలవండి. కొన్ని వందల ఓములు చూపితే బాగుంది. మీటరు కదలకపోతే తెగింది.

హీటర్ల వరసలో డయోడు. తక్కువ వోల్టేజీ సెట్టును 230 వోల్టులకు మార్చాలని పెడతారు. దీని గురించి 7వ భాగంలో విడిగా చెబుతాను, ఎందుకంటే ఇది నెమ్మదిగా వాల్వులన్నిటినీ చంపుతుంది.

రికార్డ్ ప్లేయరుకో, ఫోనుకో అదనపు సాకెట్. విడి చుట్ల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టులో ఫరవాలేదు. కరెంటు ఛాసిస్ సెట్టులో అయితే ఆ సాకెట్ బయటి లోహం నేరుగా కరెంటు తీగే. చర్చ లేకుండా తీసేయాలి.

ఫ్యూజు స్థానంలో తీగ. అది ఎందుకు మాటిమాటికీ పోయిందో ముందు కనిపెట్టాలి. లీకయ్యే కండెన్సరో, సగం షార్టయిన ట్రాన్స్‌ఫార్మరో కారణమై ఉంటుంది.

## 4. ఏది తీయాలి, ఏది ఉంచాలి

అన్నిటినీ వెనక్కి తిప్పాలనే పట్టుదల అక్కర్లేదు. నేను పాటించే వరస ఇది:

- ప్రమాదకరమైనవి: వెంటనే తీయాలి
- వాల్వుల, ట్రాన్స్‌ఫార్మర్ల ఆయువు తగ్గించేవి: తీయాలి, లేదా సరిచేయాలి
- ధ్వనిని చెడగొట్టేవి: తీయాలి
- చక్కగా చేసినవి, హాని లేనివి: ఉంచవచ్చు

నాలుగు కాళ్ల ‘80’ రకం రెక్టిఫయర్ వాల్వు సాకెట్ తీసి ఎనిమిది కాళ్ల 5వై3 సాకెట్ పెట్టారనుకోండి. రెండిటి లక్షణాలూ దాదాపు ఒకటే, హీటరు కూడా అదే 5 వోల్టులు, 2 ఆంపియర్లు. ఈ మార్పును వెనక్కి తిప్పడానికి ఛాసిస్‌ను ఇంకోసారి గాయపరచడం నాకు ఇష్టం ఉండదు. కమ్యూనికేషన్ రిసీవర్లలో శ్రద్ధగా చేర్చిన ప్రొడక్ట్ డిటెక్టరు (మోర్స్, ఎస్‌ఎస్‌బి సిగ్నళ్లను వినిపించేది), సిగ్నల్ మీటరు లాంటివాటిని కూడా నేను ఉంచేస్తాను. చేసినవాడి చేతిపని బాగుంటే అది ఆ సెట్టు జీవితంలో భాగమే.

ఛాసిస్ మీద అదనపు చిల్లులను మిశ్రమం పోసి పూడ్చవద్దు. లోపలి నుంచి పలచని రేకు ముక్క పెట్టి చిన్న మరలతో మూయండి. రేపు ఎవరికైనా తీయాలనిపిస్తే తీయవచ్చు.

ఒకసారి ఒకే మార్పును తిప్పండి. దాన్ని పరీక్షించి, నోటులో రాసి, తరువాతి దానికి వెళ్లండి. ఐదు మార్పులు కలిపి తీసేస్తే కొత్తగా వచ్చిన లోపం దేనివల్లో తెలియదు.

## 5. శుభ్రం చేయడం

పొడి కుంచె, తక్కువ పీల్పు వ్యాక్యూమ్ క్లీనరు చాలు. డయలు గాజును తడిగుడ్డతో తుడవద్దు. అక్షరాలు గాజు వెనకవైపు రంగుతో వేసి ఉంటాయి, ఒక్క తుడుపుతో స్టేషన్ల పేర్లన్నీ ఊడిపోతాయి. వాల్వుల మీది అంకెలు కూడా అంతే.

బ్యాండ్ స్విచ్‌కు కాంటాక్ట్ క్లీనరును పుల్లకు చుట్టిన దూదితో అంటించండి, కాంటాక్టుల మీద మాత్రమే. మొత్తం తడిపేస్తే స్విచ్‌లోని ఇన్సులేషన్ బిళ్లలు నూనె పీల్చుకుని లీకవుతాయి. వేడి రెసిస్టెన్సుల దగ్గర తెల్లని బూడిద రంగు పీచు అట్ట కనిపిస్తే అది ఆస్బెస్టాస్ కావచ్చు. దాన్ని గీకవద్దు, ఊదవద్దు.

తాకగానే రాలిపోయే రబ్బరు తొడుగు తీగలుంటే వాటిని మార్చాలి. ఒక తీగ తీసి, అదే పొడవు కొత్తది అదే దారిలో వేసి, అప్పుడే రెండోది తీయండి.

## 6. పవర్ సప్లై

ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టులో మొదట వాల్వులన్నీ తీసేయండి. డయోడ్లు పెట్టి ఉంటే వాటి ఒక కాలు ఊడదీయండి. సెట్టు వెనక వోల్టేజీ ఎంపిక ఉంటే మీ ఇంటి వోల్టేజీకి సరిపోయే పెద్ద అంకెకు మార్చండి. సీరీస్ బల్బుతో కరెంటు ఇవ్వండి. బల్బు వెలగకూడదు, లేదా మరీ మసకగా ఉండాలి. గంటసేపు అలాగే ఉంచితే ట్రాన్స్‌ఫార్మర్ గోరువెచ్చగా మాత్రమే ఉండాలి. చేయి ఆననివ్వనంత వేడెక్కితే లోపల చుట్లు షార్టయ్యాయి. మిగతా పని ఆపి ట్రాన్స్‌ఫార్మర్ సంగతి చూడండి.

ప్రతి చుట్టు వోల్టేజీ కొలిచి రాసుకోండి. వాల్వులు లేనప్పుడు హీటరు చుట్టు 6.3కు బదులు 6.8 లేదా 7 చూపడం సహజం.

### డయోడ్లను తీసి వాల్వు పెట్టేటప్పుడు

5వై3 లాంటి వాల్వు తన దగ్గరే సుమారు 50 వోల్టులు ఉంచుకుంటుంది. డయోడు ఒక వోల్టు కూడా ఉంచుకోదు. అందువల్ల డయోడ్లున్న సెట్టులో హెచ్.టి. ఎక్కువగా ఉంటుంది, పైగా వాల్వులు వేడెక్కకముందే వచ్చేస్తుంది. 300-0-300 చుట్టు (మధ్య తీగకు రెండు వైపులా 300 వోల్టుల ఏసీ) ఉన్న సెట్టులో ఆ మొదటి కొన్ని సెకన్లు కండెన్సరు మీద 424 వోల్టులు పడతాయి. 350 వోల్టుల కండెన్సరు అక్కడ ఎంతోకాలం నిలవదు.

5 వోల్టుల చుట్టు బాగుంటే వాల్వే పెట్టండి. చుట్టు తెగి, డయోడ్లు ఉంచక తప్పకపోతే ఇలా చేయండి:

- ఒక్కో వైపు 1000 వోల్టుల డయోడ్లు రెండేసి వరసగా
- మొదటి కండెన్సరుకు ముందు 680 ఓముల, 10 వాట్ల రెసిస్టెన్సు. 70 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఇది సుమారు 48 వోల్టులు తగ్గిస్తుంది. తరువాత కొలిచి, బొమ్మలోని వోల్టేజీకి సరిచేసుకోండి
- కండెన్సర్లు 450 వోల్టులవి. వాల్వులు వేడెక్కేదాకా కరెంటు పారదు కాబట్టి ఆ రెసిస్టెన్సు మొదటి దెబ్బను ఆపలేదు

### ఫిల్టరు కండెన్సర్లు

వీటిని పరీక్షించి దాచుకోవడంలో అర్థం లేదు, మార్చేయండి. 8కి బదులు 10, 16కి బదులు 22 మైక్రోఫారాడ్లు పెట్టవచ్చు. మొదటి కండెన్సరును మాత్రం ఇష్టం వచ్చినట్టు పెంచవద్దు. రెక్టిఫయర్ వాల్వు భరించే హద్దు ఉంటుంది: ఇజెడ్80కి 50 మైక్రోఫారాడ్లు, 35జెడ్5కి 40. రెండో కండెన్సరును పెంచినా ఇబ్బంది లేదు.

ఇక్కడ తరచుగా జరిగే రెండు తప్పులు:

- పాత డబ్బా కండెన్సరును విడదీయకుండా దానికే కొత్తది జతచేయడం. పాతది లీకవుతూనే ఉంటుంది. డబ్బాను అలంకారంగా ఉంచి, దాని తీగలన్నీ ఊడదీయండి.
- కండెన్సరు మైనస్ కాలును ఆలోచించకుండా ఛాసిస్‌కు కలపడం. కొన్ని సెట్లలో మైనస్‌కూ ఛాసిస్‌కూ మధ్య రెసిస్టెన్సో ఫీల్డ్ కాయిలో ఉండి, ఔట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు (వాల్వులో కరెంటును అదుపు చేసే భాగానికి) కావలసిన మైనస్ వోల్టేజీని అక్కడే పుట్టిస్తుంది. దాన్ని షార్టు చేస్తే వాల్వు ఎర్రబడుతుంది. డబ్బా కింద అట్ట వాషరు ఉంటే అనుమానించండి.

## 7. హీటర్ల వరస ఉన్న సెట్లు

అమెరికన్ ఐదు వాల్వుల సెట్టును ఉదాహరణగా తీసుకుందాం: 12ఎస్‌ఏ7, 12ఎస్‌కే7, 12ఎస్‌క్యూ7, 50ఎల్6, 35జెడ్5. మూడు 12.6లు, ఒక 50, ఒక 35 కలిపి సుమారు 123 వోల్టులు. అన్నిటిలోనూ పారేది అదే 150 మిల్లీ ఆంపియర్లు. ఒక వాల్వు పోతే అన్నీ ఆరిపోతాయి.

దీన్ని 230 వోల్టుల మీద నడపడానికి కొందరు వరసలో ఒక డయోడు పెడతారు. సగం తరంగం పోయింది కాబట్టి 115 వోల్టులే పడుతుందని వారి లెక్క. ఆ లెక్క తప్పు. వేడి పుట్టించే విలువ సగానికి తగ్గదు, 0.707 వంతుకు తగ్గుతుంది. అంటే హీటర్ల మీద 163 వోల్టులు పడుతున్నాయి, ఉండవలసినదానికంటే మూడో వంతు ఎక్కువ. మామూలు మీటరు ఇక్కడ తప్పు చూపి మభ్యపెడుతుంది కూడా. డయోడు తీసేసి, వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడమే సరైన పరిష్కారం. అది ఆటో రకం కాకుండా విడి చుట్లది అయితే ఛాసిస్ భయం కూడా తగ్గుతుంది.

35జెడ్5 సెట్లలో డయలు బల్బు ఆ వాల్వు హీటరులోని ఒక భాగానికి జతగా ఉంటుంది. బల్బు పోతే ఆ భాగం మీద భారం పెరిగి హీటరు తెగవచ్చు. బల్బు తీసేసిన సెట్టు కనిపిస్తే, సరైన బల్బు పెట్టాకే నడపండి.

ఈ సెట్లలో కరెంటు ఉండగా వాల్వు పీకడం, పెట్టడం చేయకూడదు.

## 8. మిగతా కండెన్సర్లు, రెసిస్టెన్సులు

మైనం పూసిన కాగితం కండెన్సర్లన్నిటినీ 630 వోల్టుల ఫిల్మ్ రకంతో మార్చండి. 0.005 స్థానంలో 0.0047, 0.02 స్థానంలో 0.022, 0.05 స్థానంలో 0.047 సరిపోతాయి.

వాటిలో మొట్టమొదట మార్చవలసింది ఔట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు ధ్వనిని అందించేది. అది కొద్దిగా లీకయినా గ్రిడ్ మీదికి ప్లస్ వోల్టేజీ వస్తుంది, వాల్వులో కరెంటు పెరుగుతుంది, ప్లేటు ఎర్రబడుతుంది, చివరికి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ తెగుతుంది. మార్పు చేసిన సెట్లలో ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అంత తరచుగా మారి ఉండటానికి మూలం చాలాసార్లు ఈ చిన్న కండెన్సరే. ట్రాన్స్‌ఫార్మర్ మార్చినవారు దీన్ని వదిలేసి ఉంటారు.

కరెంటు తీగల మధ్య ఉండే కండెన్సరుకు ఎక్స్2 రకం, కరెంటు తీగకూ ఛాసిస్‌కూ మధ్య ఉండేదానికి వై2 రకం తప్పనిసరి. మామూలు ఫిల్మ్ కండెన్సరు ఇక్కడ పెట్టవద్దు. వై2 రకం చెడిపోయినా షార్టు కాకుండా ఉండేలా తయారవుతుంది.

మైకా కండెన్సర్లను ముట్టుకోవద్దు, చాలావరకు బాగుంటాయి. ఐ.ఎఫ్. (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ) ట్రాన్స్‌ఫార్మర్ అడుగున ఇమిడి ఉన్న మైకా పలకలు మాత్రం దీనికి మినహాయింపు. వెండి పూత పాకి, ఎడతెగని చిటపటలు పుట్టిస్తాయి.

రెసిస్టెన్సులను ఒక కాలు ఊడదీసి కొలవండి. కార్బన్ రెసిస్టెన్సుల విలువ కాలంతో పెరుగుతుంది. 20 శాతం దాటితే మార్చండి.

## 9. స్పీకరు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్

ఫీల్డ్ కాయిలు తెగి ఉంటే, అసలు స్పీకరు దొరికే వరకు దాని పని ఇంకొకటి చేయాలి. 1500 ఓముల కాయిలు, 70 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే 105 వోల్టులు అక్కడ తగ్గుతాయి, 7 వాట్లకు పైగా వేడి పుడుతుంది. కాబట్టి 1500 ఓముల, 20 వాట్ల రెసిస్టెన్సు పెట్టి, గాలి ఆడేచోట బిగించండి. రెసిస్టెన్సు కాయిలంత బాగా మోతను అణచదు. రెండో ఫిల్టరు కండెన్సరును పెంచితే తేడా తీరుతుంది.

ఎవరో మార్చిన ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సరైనదో కాదో ఇలా తెలుసుకోండి. తీగలు విడదీసి, ప్రైమరీకి 12 వోల్టుల ఏసీ ఇచ్చి, సెకండరీలో కొలవండి. 0.3 వోల్టు వస్తే నిష్పత్తి 40. దాని వర్గం 1600. స్పీకరు 3.2 ఓములైతే వాల్వుకు కనిపించేది 5120 ఓములు. 6వి6కు కావలసింది 5000, కాబట్టి కుదిరింది. 50సి5కైతే 2500 కావాలి. దీన్నే అక్కడ పెట్టి ఉంటే శబ్దం చిక్కిపోయి, గీరుకుపోయినట్టు వస్తుంది.

స్పీకరు తీగ విడిగా ఉండగా సెట్టు నడపవద్దు. భారం లేని ప్రైమరీలో వోల్టేజీ ఎగసి ఇన్సులేషన్‌ను చీలుస్తుంది.

## 10. మొదటిసారి కరెంటు

కరెంటు ఇచ్చే ముందు చూసుకోండి:

- [ ] హెచ్.టి.కీ ఛాసిస్‌కూ మధ్య 20 కిలో ఓములకు పైగా ఉందా? తక్కువైతే, దానికి బొమ్మలో కారణం కనిపిస్తోందా?
- [ ] ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ల ప్లస్, మైనస్ సరిచూశారా?
- [ ] ప్రతి వాల్వూ దాని సాకెట్‌లోనే ఉందా?
- [ ] స్పీకరు కలిపారా?
- [ ] సరైన ఫ్యూజు పెట్టారా?
- [ ] ట్రాన్స్‌ఫార్మర్ సెట్టుకు (ఆటో రకం కాకపోతేనే) మూడు తీగల కార్డు వేసి ఛాసిస్‌ను ఎర్త్ చేశారా? కరెంటు ఛాసిస్ సెట్టుకు ఎర్త్ కలపలేదు కదా?

సీరీస్ బల్బుతో మొదలుపెట్టండి. బల్బు ఒక్కసారి వెలిగి, మసకబారి, వాల్వులు వేడెక్కాక మళ్లీ కొద్దిగా వెలుగుతుంది. మసకబారకుండా వెలుగుతూనే ఉంటే ఆపేయండి. హెచ్.టి. మీద మీటరు పెట్టి చూస్తూ ఉండండి. వోల్టేజీ ఎక్కి, నిలకడగా నిలవాలి.

బల్బు తీసి నేరుగా నడిపిన తరువాత మొట్టమొదట ఔట్‌పుట్ వాల్వు కేథోడ్ (హీటరు వేడిచేసే భాగం) వోల్టేజీ చూడండి. 6వి6కు 250 ఓముల కేథోడ్ రెసిస్టెన్సు మీద 12.5 వోల్టులు ఉంటే 50 మిల్లీ ఆంపియర్లు పారుతున్నాయి, అది సరైనది. 18 వోల్టులు కనిపిస్తే ఆపి, గ్రిడ్ వైపు వెతకండి.

బొమ్మలోని వోల్టేజీలతో పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త: ఆ అంకెలు పాత ముల్లు మీటర్లతో తీసినవి. అవి సర్క్యూట్ నుంచి కరెంటు లాగేవి. పెద్ద రెసిస్టెన్సులున్న చోట్ల మీ డిజిటల్ మీటరు ఎక్కువ చూపిస్తే కంగారు పడవద్దు.

## 11. లోపం ఇంకా ఉంటే

గుమ్మనే మోత, వాల్యూముతో మారదు. ఫిల్టరు కండెన్సర్లు, లేదా తప్పుగా కలిపిన మైనస్. రెండు వైపులా పనిచేసే రెక్టిఫయరులో మోత కరెంటు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు స్థాయిలో ఉంటుంది. దానికంటే లోతుగా వినిపిస్తే ఒక వైపు చచ్చిపోయింది.

వాల్యూముతో పెరిగే మోత. షీల్డు తీగ ఊడింది, లేదా మొదటి ఆడియో వాల్వులో హీటరుకూ కేథోడ్‌కూ మధ్య లీకేజీ. కొత్తగా చేర్చిన సాకెట్ నుంచి వచ్చే పొడవాటి తీగలను కూడా అనుమానించండి.

ఆడియో బాగుంది, స్టేషన్లు లేవు. లోకల్ ఆసిలేటరు (స్టేషన్ సిగ్నల్‌ను ఐ.ఎఫ్.గా మార్చడానికి సెట్టు లోపలే సిగ్నల్ పుట్టించేది) పనిచేస్తోందా చూడండి. ఆసిలేటరు గ్రిడ్ మీద కొన్ని వోల్టుల మైనస్ కనిపించాలి. సున్నా అయితే కాయిలు, బ్యాండ్ స్విచ్, ఆ వాల్వు, ఈ వరసలో పరీక్షించండి.

ఈల, టపటప. స్క్రీన్ గ్రిడ్ కండెన్సర్లు, వదిలేసిన వాల్వు షీల్డులు. మార్పు చేసినవారు తీసిన షీల్డును తిరిగి పెట్టకపోవడం ఎంత సాధారణమో చెప్పలేను.

## 12. అలైన్‌మెంట్

భాగాలన్నీ మార్చి, సెట్టు అరగంట నడిచాకే దీనికి రండి. మార్పులు చేసిన సెట్లలో ట్యూనింగ్ మరలన్నీ ఎవరో “వదులుగా ఉన్నాయని” బిగించేసి ఉంటారు. అలాంటప్పుడు ట్యూనింగ్ సున్నా నుంచి కట్టుకోవాలి.

ఐ.ఎఫ్. అంకె బొమ్మలో చూసుకోండి. అమెరికన్ సెట్లలో ఎక్కువగా 455 కిలోహెర్ట్జ్. యూరోపియన్ సెట్లలో 452, 468, 470 ఇలా రకరకాలు. ఊహతో పెట్టవద్దు.

1. ఏ.వి.సి. (ఆటోమేటిక్ వాల్యూమ్ కంట్రోల్) తీగ మీద డీసీ మీటరు పెట్టండి. చెవి కంటే ఇది నమ్మదగినది.
2. జనరేటరును 0.01 మైక్రోఫారాడ్ కండెన్సరు గుండా కన్వర్టర్ వాల్వు (సిగ్నల్‌ను ఐ.ఎఫ్.కు మార్చేది) సిగ్నల్ గ్రిడ్‌కు కలపండి.
3. చివరి ఐ.ఎఫ్. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వెనక్కి వస్తూ గరిష్ఠానికి తిప్పండి. మీటరులో కదలిక తెలిసేంత తక్కువ సిగ్నల్ చాలు.
4. సిగ్నల్ ఏరియల్ వైపుకు మార్చండి. డయలు 1400 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టి, ఆసిలేటరు ట్రిమ్మరుతో (సర్దుబాటు చేసే చిన్న కండెన్సరుతో) ముల్లును సరిచేయండి, తరువాత ఏరియల్ ట్రిమ్మరును గరిష్ఠానికి తేండి.
5. డయలు 600 కిలోహెర్ట్జ్ దగ్గర ప్యాడరును (ఆసిలేటరు కాయిలుకు వరసగా ఉండే సర్దుబాటు కండెన్సరును) సరిచేయండి. గ్యాంగును (ట్యూనింగ్ కండెన్సరును) కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊపుతూ గరిష్ఠం వెతకాలి.
6. 4, 5 అడుగులను తేడా లేకుండా పోయేదాకా తిరిగి చేయండి.

ఫెర్రైట్ కోరు కదలకపోతే బలవంతం చేయవద్దు. విరిగితే ఆ కాయిలు పోయినట్టే. కొద్దిగా వేడి గాలి తగిలించి, మైనం మెత్తబడ్డాక సరిపడే ప్లాస్టిక్ పనిముట్టుతో తిప్పండి. లోహపు స్క్రూడ్రైవరు దగ్గరికి తెస్తేనే ట్యూనింగ్ మారిపోతుంది.

## 13. పెట్టె మూసే ముందు

ఛాసిస్‌ను పెట్టెలో బిగించి నాలుగు గంటలు నడపండి. గంటకోసారి ట్రాన్స్‌ఫార్మర్ వేడి, హెచ్.టి., ఔట్‌పుట్ కేథోడ్ వోల్టేజీ రాసుకోండి. మూడో గంట తరువాత అంకెలు కదులుతూ ఉంటే ఇంకేదో లీకవుతోంది.

కరెంటు ఛాసిస్ సెట్టుకు వెనక అట్ట, గుబ్బల లోపలి మరలను కప్పే మైనం లేదా గుబ్బల తొడుగులు, అడుగు మరల ఇన్సులేషన్ వాషర్లు అన్నీ ఉన్నాయో లేదో చూడండి. ఒక్కటి తక్కువైనా ఆ సెట్టును ఇంట్లో పెట్టవద్దు.

చివరగా ఒక కాగితం మీద తీసేసిన మార్పులు, ఉంచిన మార్పులు, కొత్త భాగాల విలువలు, కొలిచిన వోల్టేజీలు, తేదీ రాయండి. వేడి తగలని చోట పెట్టె లోపలి గోడకు అంటించండి. తీసిన పాత భాగాలను ఒక సంచిలో వేసి సెట్టుతోనే ఉంచండి.